తామరాకు మీద నడిచే కోడి ఏ కుటుంబానిది?

వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. కవితలు, జోకులు, వార్డెన్ గారి సందేశం ఎలాగూ ఉంటాయి కనుక మేము జువాలజీ పాఠం ఒకటి ఎంచుకున్నాము. ఇంటర్ బైపీసీ, డిగ్రీ బీజడ్‌సీ చదివే వారికి వర్గీకరణ, పరిణామం అనే రెండు అధ్యాయాలు ఉంటాయి. రెండూ విడివిడిగా బట్టీ పట్టి, విడివిడిగా మరచిపోయే అధ్యాయాలు. ఆ రెండూ నిజానికి ఒకటేనని మన తెనాలి, బాపట్ల, రేపల్లె పొలాల్లోని మూడు పక్షులు మాకు నేర్పాయి.

వర్గీకరణ అనే మాట వినగానే మన హాస్టల్లో భోజనాల దగ్గర వేరే చర్చ మొదలవుతుందని మాకు తెలుసు. ఇది ఆ వర్గీకరణ కాదు. కంచాలు కింద పెట్టకుండానే చదవవచ్చు.

మొదట మా తప్పు చెప్పుకోవాలి. పీజీలో ప్రాజెక్టు పని మీద తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే ప్యాసింజరు రైలులో తిరిగేవాళ్ళము. వేమూరు, భట్టిప్రోలు మీదుగా పోయే ఆ లైను పక్కన కుంటలు, కాలువలు, తామరాకులు, గుర్రపుడెక్క చాలా చోట్ల కనబడతాయి. ఒక కుంటలో ఆకుల మీద ఒక పక్షి నడుస్తూ కనిపించింది. ఈదడం లేదు, ఎగరడం లేదు. ఆకు మీద నుంచి ఆకు మీదికి, గట్టు మీద నడిచినట్టు నడుస్తోంది. నల్లని మెడ, కంచు రంగు రెక్కలు, ముక్కు పైన నుదుటి మీద చిన్న బిళ్ళ. మేము నోటు పుస్తకంలో “నీటికోడి, రాలిడే కుటుంబం” అని రాసి, గొప్ప పని చేసినట్టు సంతకం కూడా పెట్టాము. మా మాస్టారు ఆ వాక్యం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, “కాళ్ళు చూశారా? గుడ్లు చూశారా?” అని పక్కన రాశారు. రెండూ చూడలేదు.

మన వైపు నీళ్ళ దగ్గర కోడంత సైజులో తిరిగేదంతా నీటికోడే. జంబుకోడి, బొల్లికోడి అని కొంచెం తేడా తెలిసిన వాళ్ళు అంటారు. వాటిలో చాలా వరకు నిజంగానే రాలిడే కుటుంబానివి, అంటే సారస పక్షులున్న గ్రూయిఫార్మిస్ క్రమానివి. ఆకుల మీద నడిచే ఈ పక్షి మాత్రం వాటిది కాదు. దీని పేరు జకానా. బ్రెజిల్‌లోని టుపి భాషలోని మాట అది, పోర్చుగీసు వారి ద్వారా ప్రపంచమంతా పాకింది. ప్రపంచం మొత్తం మీద జకానాలు 8 జాతులే. అన్నీ ఉష్ణమండల ప్రాంతాల్లోనూ వాటి అంచుల్లోనూ ఉంటాయి: ఆఫ్రికా, మడగాస్కర్, ఆసియా, ఆస్ట్రేలియా, అమెరికా ఖండాలు. భారతదేశంలో రెండు. ఒకటి మేము చూసిన కంచురెక్కల జకానా, రెండోది నెమలిలా పొడవు తోక వేసుకునే జకానా. ఆ తోక సంతానోత్పత్తి కాలంలోనే ఉంటుంది, తరువాత రాలిపోతుంది.

మా తప్పుకు ఒక ఊరట దొరికింది. వర్గీకరణ శాస్త్రానికి పితామహుడైన కార్ల్ లిన్నేయస్ 1758లో “సిస్టమా నేచురే” పదో ముద్రణలో అమెరికా జకానా ఒకదానికి పేరు పెడుతూ దానిని ఫ్యూలికా అనే ప్రజాతిలో, అంటే బొల్లికోడి పక్కన వేశాడు. మేము చేసిన తప్పే! 1786లో స్కోపోలి అనే ఆయన మన పొడవు తోక జకానాకు ట్రింగా కిరర్గస్ అని పేరు పెట్టాడు. ట్రింగా అంటే ఉల్లంకి పిట్టల ప్రజాతి. కిరర్గస్ అంటే శస్త్రవైద్యుడు. దీని రెక్క మడత దగ్గర కత్తి మొనలాంటి ముల్లు ఉంటుంది. స్కోపోలి ఆ పక్షిని బతికి ఉండగా చూసినవాడు కాదు, సొన్నెరా అనే ఫ్రెంచి యాత్రికుడి వర్ణన మీద ఆధారపడ్డాడు. అయినా లిన్నేయస్ కంటే ఆయనే నిజానికి దగ్గరగా పోయాడు.

ఎలా? మాస్టారు అడిగిన రెండు ప్రశ్నల్లోనే జవాబుంది.

జకానా కాలివేళ్ళు, గోళ్ళు నమ్మలేనంత పొడవు. వెనక వేలి గోరు మరీ పొడవు. శరీరం బరువు చాలా ఆకుల మీద పంచుకుపోతుంది కనుక ఆకు మునగదు. దమ్ము చేసిన మడిలో దిగబడకుండా పలక వేసుకుని నడిచే వాళ్ళను చూశాం కదా, అదే సూత్రం. జంబుకోడికి కూడా వేళ్ళు పొడవే. కాని పొడవు వేళ్ళు చుట్టరికానికి గుర్తు కాదు, బురదలో, ఆకుల మీద బతకడానికి గుర్తు. సొరచేప, డాల్ఫిన్ ఒకే ఆకారంలో ఉన్నా ఒకటి చేప, ఒకటి క్షీరదం అని ఇంటర్లో చదువుకున్నాం. అభిసారి పరిణామం అని రెండు మార్కుల ప్రశ్న. ఆ ప్రశ్న భట్టిప్రోలు కుంటలో నడుస్తుంటే మేము గుర్తుపట్టలేకపోయాము.

ఇక గుడ్లు. జకానా సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. ఒక కొస సూదిగా, బొంగరంలాగా ఉంటాయి. నాలుగు కొసలూ లోపలికి పెట్టి చక్కగా సర్దుకుని ఉంటాయి. పిల్లలు పుట్టిన కొద్దిసేపటికే నడిచి తిండి తామే ఏరుకుంటాయి. జంబుకోడి గుడ్లు మామూలు కోడిగుడ్డు ఆకారంలో ఎక్కువ సంఖ్యలో ఉంటాయి, పిల్లలకు కొన్నాళ్ళు తల్లిదండ్రులు తిండి పెట్టాలి. నాలుగు బొంగరం గుడ్లు, పుట్టగానే పరుగెత్తే పిల్లలు ఎవరి లక్షణం? తీతువు పిట్టది, ఉల్లంకి పిట్టది. సముద్రపు ఒడ్డు పక్షులన్నీ ఉండే కారాడ్రిఫార్మిస్ క్రమానిది. రాత్రిపూట తీతువు అరిస్తే కీడని మన నాయనమ్మలు భయపడతారే, ఆ తీతువుకు ఈ తామరాకుల పక్షి వరుస కలుస్తుంది.

రెండో పక్షి రేపల్లె వైపుది. ఊడ్పులైన మాగాణి గట్ల వెంట, బోదెల్లో, సాయంకాలం చీకటి పడే వేళ బయటికొచ్చే పక్షి. పెయింటెడ్ స్నైప్ అని పుస్తకాల్లో ఉంటుంది, మేము రంగుల ఉల్లంకి అంటున్నాము. పొడవు ముక్కు, కంటి చుట్టూ కళ్ళజోడు లాంటి తెల్లని గీత. పేరుకు ఉల్లంకి, చూపుకు ఉల్లంకి, కాని ఉల్లంకి కాదు. లిన్నేయస్ దీనిని కూడా 1758లో రాలస్ అని జంబుకోళ్ళ వర్గంలోనే వేశాడు. ఎముకల నిర్మాణం, ఆ తరువాత డీఎన్ఏ రెండూ చెబుతున్నదేమంటే దీనికి అతి దగ్గర చుట్టం ఉల్లంకి కాదు, జకానా. తామరాకు మీద పొడవు వేళ్ళతో నడిచేది, బురదలో పొడవు ముక్కుతో గుచ్చేది, రెండూ ఒక తల్లి కొమ్మ నుంచి చీలిన రెమ్మలు. రూపం చూసి ఎవరూ చెప్పలేరు.

మూడో పక్షి కథ మా ఇంటిది. బాపట్ల నుంచి సూర్యలంక వైపు నేల ఇసుక. వేరుశనగ చేలు, సరుగుడు తోటలు. అక్కడి పొదల్లో పూరేడు లాంటి పిట్ట ఒకటి తిరుగుతుంది. మా తాతయ్య కుర్రతనంలో, 1972 వన్యప్రాణి చట్టం రాకముందు, కూలి దొరకని రోజుల్లో పిట్టలు పట్టేవాడు. (ఇప్పుడది నేరం. ఈ వ్యాసం చదివి ఎవరూ వలలు తీయవద్దని మనవి.) మేము పుస్తకంలో బొమ్మ చూపించి “పూరేడు పిట్టే కదా తాతయ్యా?” అంటే ఆయన నవ్వాడు.

“పూరేడుకు నాలుగేళ్ళురా అబ్బాయ్. దీనికి మూడే. ఎనకేలు ఉండదు. ఇది ఏరే పిట్ట.”

తరువాత ఇంకో మాట చెప్పాడు. ఈ పిట్టను పట్టాలంటే బోనులో ఆడపిట్టను పెట్టాలట. అది బుర్రుమని కూస్తే చుట్టుపక్కల ఆడపిట్టలు కొట్లాటకు వస్తాయట. మగవి రావు. “మగది గుడ్ల మీద ఉంటది, దానికి తీరికేదీ?”

ఈ మాటను మేము ముసలివారి ముచ్చటగానే తీసుకున్నాము. లైబ్రరీలో వెతికాక సిగ్గుపడ్డాము. టి.సి. జెర్డన్ అనే డాక్టరు నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసినవాడు. 1862 నుంచి 1864 వరకు అచ్చయిన “ది బర్డ్స్ ఆఫ్ ఇండియా” గ్రంథంలో పక్షులకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. అందులో ఈ పిట్ట గురించి దక్షిణాది వేటగాళ్ళు బోనులో ఆడపిట్టను పెట్టి ఆడపిట్టలను పట్టే పద్ధతి రాశాడు. ఆ జెర్డన్ రాతను ఆధారం చేసుకుని 1871లో చార్లెస్ డార్విన్ తన “డిసెంట్ ఆఫ్ మాన్”లో, ఆడ పక్షి పెద్దదిగా, రంగుగా, కొట్లాడేదిగా ఉండే పక్షులకు ఉదాహరణగా ఈ పిట్టను చెప్పాడు. గుడ్లు పెట్టాక వాటిని మగవాటికి వదిలి ఆడవి వెళ్ళిపోతాయని స్థానికులు చెప్పే సంగతి కూడా ఎత్తి రాశాడు. స్థానికులు అంటే ఎవరు? పేర్లు లేవు. మా తాతయ్య లాంటి వాళ్ళ తాతలు అయి ఉండాలి. బడి మొహం చూడని వాళ్ళ మాట డార్విన్ పుస్తకంలోకి ఎక్కింది, డార్విన్ పుస్తకం చదివిన మేము ఇంట్లో ఉన్న మాటను పట్టించుకోలేదు.

ఈ మూడు వేళ్ళ పిట్టను ఇంగ్లీషులో బటన్ క్వెయిల్ అంటారు. శాస్త్రీయ నామం టర్నిక్స్, కుటుంబం టర్నిసిడే. 1789లో గ్మెలిన్ దీనిని టెట్రావో అనే అడవికోళ్ళ ప్రజాతిలో వేశాడు. తరువాతి వాళ్ళు కోళ్ళ నుంచి తీసి సారసాల క్రమంలో పెట్టారు. 1990లో సిబ్లే, ఆల్‌క్విస్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు డీఎన్ఏ పోగులను కలిపి వేడిచేసి పోల్చే పద్ధతితో పక్షులన్నింటినీ తిరిగి సర్ది, దీనికి ఎవరితోనూ పొత్తు కుదరక ఏకంగా వేరే క్రమం ఇచ్చారు. 2003లో ఒక జన్యువు అక్షరక్రమాన్ని చదివి పోల్చినప్పుడు, 2008లో 169 జాతుల పక్షులతో పెద్ద పరిశోధన జరిగినప్పుడు తేలిందేమంటే ఇది కూడా కారాడ్రిఫార్మిస్ పక్షే. అందులోనూ సూర్యలంక ఒడ్డున చలికాలం ఎగిరే గల్ పక్షులున్న కొమ్మ. వేరుశనగ చేలో నక్కే పిట్టకు సముద్రం మీద ఎగిరే పక్షి బంధువు!

డీఎన్ఏతో చుట్టరికం ఎలా తెలుస్తుందని జూనియర్లు అడుగుతుంటారు. హాస్టల్లో నోట్సు కాపీ చేసుకోవడమే దీనికి మంచి ఉదాహరణ. ఒక సీనియర్ నోట్సు రాశాడు. దానిని నలుగురు ఎత్తి రాసుకున్నారు. అందులో ఒకడు “గ్రంథి” అని రాయాల్సిన చోట “గంధి” అని రాశాడు. వాడి నోట్సు చూసి రాసుకున్న వాళ్ళందరి దగ్గర “గంధి”యే ఉంటుంది. పదేళ్ళ తరువాత నలభై నోట్సులు తెచ్చి పెడితే, ఎవరు ఎవరి దగ్గర రాసుకున్నారో అక్షర దోషాలు చూసి చెప్పవచ్చు. సరిగ్గా ఉన్న వాక్యాలు ఏమీ చెప్పవు, అవి అందరి దగ్గరా ఒకేలా ఉంటాయి. అట్టలు అసలు ఏమీ చెప్పవు. ఎరుపు అట్ట వేసుకున్న వాళ్ళందరూ ఒకరి దగ్గరే రాసుకున్నారని అనుకోవడం, వేళ్ళు పొడవున్నవన్నీ నీటికోళ్ళు అనుకోవడం లాంటిది. డీఎన్ఏ కూడా తరం తరం కాపీ అవుతుంది, అప్పుడప్పుడు అక్షరం మారుతుంది. మారిన అక్షరం పిల్లలకు, వాటి పిల్లలకు పోతుంది.

ఈ ఉదాహరణలోనే టర్నిక్స్ ఎందుకు ఇన్నాళ్ళు దొరకలేదో కూడా తెలుస్తుంది. కొందరు వేగంగా, ఎక్కువసార్లు కాపీ చేస్తారు, తప్పులు పేరుకుపోతాయి. ఈ పిట్టలు కొద్ది నెలల వయసులోనే గుడ్లకు వస్తాయి, తరాలు తొందరగా గడుస్తాయి, డీఎన్ఏ మిగతా బంధువుల కంటే చాలా వేగంగా మారింది. అందుకే పాత పద్ధతులకు అది ఎవరికీ చెందని దానిలా కనిపించింది.

ఇంతకంటే వింత ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడి గడ్డి మైదానాల్లో ప్లెయిన్స్ వాండరర్ అనే పిట్ట అచ్చం మన మూడు వేళ్ళ పిట్టలాగే ఉంటుంది. ఆడదే పెద్దది, రంగుది, మగది గుడ్లు పొదుగుతుంది. వంద ఏళ్ళకు పైగా రెండింటినీ దాయాదులనే అనుకున్నారు. 1981లో ఓల్సన్, స్టెడ్‌మన్ ఎముకలు పరిశీలించి అది దక్షిణ అమెరికాలోని సీడ్‌స్నైప్ అనే పక్షులకు దగ్గరదని చూపారు. తరువాత డీఎన్ఏ కూడా అదే చెప్పింది. సీడ్‌స్నైప్, ప్లెయిన్స్ వాండరర్ ఒక రెమ్మ, మన జకానా, రంగుల ఉల్లంకి దాని పక్క రెమ్మ. అంటే బాపట్ల పిట్టకు కవలలా ఉన్నది నిజానికి భట్టిప్రోలు కుంటలోని పక్షికి చుట్టం. క్రమం ఒకటే అయినా కొమ్మలు వేరు.

కొమ్మలు అంటున్నాము కాని పై కొమ్మ, కింద కొమ్మ అని కాదు. పాత పుస్తకాల్లో జీవులను నిచ్చెన మెట్లలా బొమ్మ వేసేవారు. పరిణామ వృక్షంలో ఈరోజు బతికి ఉన్నవన్నీ కొనల్లోనే ఉంటాయి, ఎవరూ ఎవరి కంటే పైన లేరు. పరీక్షలో “అల్ప జీవులు, ఉన్నత జీవులు” అని రాసే అలవాటు మానుకోవాలని మా అభిప్రాయం.

జకానాల కొమ్మ ఎంత పాతదో శిలాజాలు చెబుతాయి. ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతంలో ఒలిగోసీన్ యుగపు పొరల్లో జకానా కాలి ఎముకలు దొరికాయి. 1987లో వాటికి నుఫరనాస్సా, జేనిపెస్ అని పేర్లు పెట్టారు. సుమారు 3 కోట్ల ఏళ్ళ కిందటివి. ఇప్పుడది ఎడారి. కాలి ఎముక ఆకుల మీద నడిచే పక్షిదని ఉన్నప్పుడు అక్కడ ఆకులు, మంచినీటి మడుగులు కూడా ఉన్నాయని అర్థం.

మన మూడు పక్షుల్లోనూ ఆడదే పెద్దది, మగదే పొదుగుతుంది. పొడవు తోక జకానాలో ఆడది ఒక సీజనులో ఒకరి తరువాత ఒకరుగా పలువురు మగవాళ్ళకు గుడ్లు పెట్టి ఇస్తుంది. మగది దాదాపు 26 రోజులు పొదిగి, పిల్లలను సాకుతుంది. ప్రమాదం వస్తే కంచురెక్కల జకానా తండ్రి పిల్లలను రెక్కల కింద చంకన పెట్టుకుని నడుస్తాడు, బయటికి పొడవు కాళ్ళు మాత్రమే వేలాడుతుంటాయి. ఎందుకిలా అంటే శాస్త్రజ్ఞులిచ్చే ఒక వివరణ ఇది: ఈ క్రమంలో తల్లిదండ్రులిద్దరూ పొదగడం మామూలే, మగవాటికి ఆ పని ముందే వచ్చు. నీళ్ళ మీది గూళ్ళు మునగడం, పాముల పాలవడం ఎక్కువ. తిండి పుష్కలం. అటువంటప్పుడు ఆడది పొదుగుతూ కూర్చోకుండా మళ్ళీ గుడ్లు పెట్టగలిగితే వంశం నిలుస్తుంది. అయితే టర్నిక్స్ కొమ్మ వేరు కనుక ఈ పద్ధతి ఒకే క్రమంలో వేరువేరుగా పుట్టిందని అనుకోవాలి. అలవాటు కూడా అట్టలాంటిదే అన్నమాట.

తెలుగువాళ్ళకు ఈ క్రమంలో ఇంకో ప్రసిద్ధ పక్షి ఉంది, కలివికోడి. జెర్డన్ 1848లో లోకానికి తెలిపినది, తరువాత అంతరించిందనుకున్నది, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికినది. పేరులో కోడి ఉన్నా అది కోడి కాదు, టర్నిక్స్, గల్ పక్షులున్న కొమ్మలోదే. దానిని తిరిగి కనిపెట్టడంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్‌కు దారి చూపింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. అక్కడ కనీసం పేరు మిగిలింది.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక రేపల్లె బాపట్ల జిల్లాలోకి పోయింది, తెనాలి గుంటూరులోనే ఉంది. మన పక్షులకు వచ్చిన చిక్కు మాత్రం రెండు జిల్లాల్లోనూ ఒకటే. రేపల్లె, నిజాంపట్నం వైపు మాగాణి రొయ్యల చెరువులవుతోంది. రొయ్యల చెరువు గట్టున గడ్డి ఉండనివ్వరు, రంగుల ఉల్లంకి నక్కేందుకు చోటు ఉండదు. కుంటల్లో గుర్రపుడెక్క తీయడం మంచిదే, కాని జులై, ఆగస్టుల్లో తామరతో సహా మొత్తం లాగి గట్టున పడేస్తే దానితోపాటు జకానా గుడ్లూ పోతాయి. అదే పని ఎండాకాలం మొదట్లో పెట్టుకుంటే రెండూ జరుగుతాయి.

చూడదలచిన వాళ్ళకు: పొడవు తోక జకానాను తోకతో చూడాలంటే జూన్ నుంచి సెప్టెంబరు లోపల చూడాలి. రేపల్లె రైలులో కిటికీ పక్కన సీటు దొరికితే చాలు. మూడు వేళ్ళ పిట్ట కనబడటం కష్టం, వానాకాలం పొద్దున్నే ఇసుక చేల దగ్గర బుర్రుమనే కూత వింటే అది ఆడపిట్ట. రంగుల ఉల్లంకి మగపక్షి గూటి మీద ఉండగా మాకు ఇంతవరకు కనబడలేదు. రేపల్లె వైపు తమ్ముళ్ళెవరికైనా కనిపిస్తే దగ్గరికి పోకుండా, గుడ్లు ముట్టుకోకుండా, తేదీ, ఊరు, ఎన్ని గుడ్లు అన్నది రాసి పెట్టండి. మా నోటు పుస్తకం హాస్టల్ లైబ్రరీ బీరువాలో ఉంచాము, ఎర్ర సున్నా ఉన్న పేజీ తరువాత ఖాళీ పేజీలు చాలా ఉన్నాయి.